వీడియో పోకర్ స్వయంబోధిని – నాలుగవ పాఠం: ఎన్ని గింజలు వేయాలి?

వీడియో పోకర్ అంటే యంత్రం తెర మీద ఐదు ముక్కలతో ఒక్కరే ఆడే పేకాట; అందులో ఒకసారి పంచి ముగించిన ఆటను ఒక చేయి అంటాము. మూడవ పాఠంలో తెర మీద కనిపించే, ఏ కూర్పుకు ఎన్ని నాణేలు వస్తాయో చెప్పే చెల్లింపు పట్టికను చదవడం నేర్చుకున్నాము. ఫుల్ హౌస్ (ఒకే రకం మూడు, మరో రకం రెండు) వస్తే 9, ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తు) వస్తే 6 చెల్లించే జాక్స్ ఆర్ బెటర్ (కనీసం జాకీల జతతో చెల్లింపు మొదలయ్యే) యంత్రం, ఐదు నాణేలు వేసి పొరపాటు లేకుండా ఆడినవారికి దీర్ఘకాలంలో నూటికి 99.54 తిరిగి ఇస్తుందనీ, అవే అంకెలు 8, 5గా ఉన్న యంత్రం 97.30 మాత్రమే ఇస్తుందనీ తెలుసుకున్నాము. రెండింటి మీద ఎంతెంత పోతుందో లెక్క కట్టమని ఆ పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి జవాబు ఇది: మొత్తం 10,000 గింజలు పందెంగా తిరిగేసరికి మొదటి యంత్రం మీద సగటున 46, రెండవదాని మీద 270 గింజలు పోతాయి. పట్టికలో రెండు అంకెలు ఒక్కొక్కటి తగ్గినందుకే నష్టం దాదాపు ఆరు రెట్లయింది.

గింజలు అనే మాట ఎందుకు వాడుతున్నానో కొత్తగా చేరిన పాఠకులకు చెప్పాలి. ఈ పాఠాలను అనుసరిస్తున్న వారిలో ఎక్కువమంది పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న తెలుగువారు. వారిలో కొందరు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు లాస్ వేగాస్ చూసి వచ్చి, అక్కడి యంత్రాల లెక్క తెలుసుకోవాలని అడిగినవారు. మన ఊళ్లలో డబ్బు పెట్టి ఆడటానికి 1955 నాటి ఒడిశా జూద నిరోధక చట్టం ఒప్పుకోదు. ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా నిషేధించింది. అందువల్ల మనం ఒక పేక కట్ట, నాణేలకు బదులు గింజలుగా ఒక డబ్బా చింతపిక్కలు దగ్గర పెట్టుకొని నేర్చుకుంటున్నాము. జోకర్లు తీసేసిన 52 ముక్కల కట్టను బాగా కలిపి, ఐదు ముక్కలు తీసి, ఉంచదలచినవి ఉంచుకొని, పారేసినన్ని కొత్తవి తీసుకుంటే యంత్రం చేసేదంతా చేసినట్లే. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్ర నిబంధనల ప్రకారం తెర మీది ముక్కలు కూడా అసలైన కట్టలో వచ్చినంత అవకాశంతోనే రావాలి కనుక, అరుగు మీద చేసిన లెక్క అక్కడా చెల్లుతుంది.

ఇక ఈనాటి విషయం పందెం పరిమాణం. యంత్రం ఒక చేతికి ఒకటి నుంచి ఐదు నాణేల వరకు తీసుకుంటుంది. ఒక నాణేనికి పెద్ద జతకు (జాకీ, రాణి, రాజు లేదా ఆసుల జత) 1, రెండు జతలకు 2, మూడు ఒకే రకానికి 3, స్ట్రెయిట్‌కు (వరుసగా ఐదు ముక్కలు) 4, ఫ్లష్‌కు 6, ఫుల్ హౌస్‌కు 9, నాలుగు ఒకే రకానికి 25, స్ట్రెయిట్ ఫ్లష్‌కు (ఒకే గుర్తులో వరుసగా ఐదు) 50 వస్తాయి. నాణేలు పెరిగినకొద్దీ ఇవన్నీ అదే నిష్పత్తిలో పెరుగుతాయి. రాయల్ ఫ్లష్ (ఒకే గుర్తులో పది నుంచి ఆసు వరకు) ఒక్కటే ఈ నియమాన్ని తప్పుతుంది. ఒక నాణేనికి 250, నాలుగింటికి 1,000 ఇచ్చే యంత్రం, ఐదవ నాణెం పడగానే 1,250 దగ్గర ఆగకుండా 4,000 ఇస్తుంది. అంటే నాణేనికి 800. వీడియో పోకర్ పందెంలో తెలుసుకోవలసిన రహస్యం ఏదైనా ఉంటే అది ఈ ఐదవ నాణెంలోనే ఉందని నా నమ్మకం.

రాయల్ ఫ్లష్ సుమారు 40,390 చేతులకు ఒకసారి వస్తుంది. అంత అరుదుగా వచ్చేదానికి ఇంత ప్రాధాన్యం ఎందుకని అనిపించవచ్చు. కాని 800ను 40,390తో భాగించి చూడండి: నూటికి దాదాపు 2 వస్తుంది. ఇందాక చెప్పిన 99.54లో ఈ 2 కలిసి ఉంది. ఒక నాణెంతో ఆడేవారు, ఆ పందేనికి తగినట్లు ఆట మార్చుకొని ఎంత జాగ్రత్తగా ఆడినా, 98.4 దగ్గరే ఆగిపోతారు.

ఆట మార్చుకోవడం అంటే ఏమిటో ఒక చేతిని విప్పి చూపిస్తాను, ఎందుకంటే చాలామంది పందేన్ని, ముక్కల ఎంపికను రెండు వేరు విషయాలుగా భావిస్తారు. మీకు ఇస్పేటు రాజు, ఇస్పేటు రాణి, ఇస్పేటు జాకీ, ఇస్పేటు నాలుగు, డైమండ్ ఏడు వచ్చాయనుకోండి. డైమండ్ ఏడు పోవలసిందే. ఇస్పేటు నాలుగును ఉంచి ఫ్లష్ కోసం చూడాలా, దాన్నీ పారేసి రాయల్ ఫ్లష్ కోసం చూడాలా అన్నదే ప్రశ్న.

నాలుగును ఉంచితే ఒక ముక్క తీయాలి, కట్టలో 47 ఉన్నాయి. తొమ్మిది ఇస్పేట్లలో ఏది వచ్చినా ఫ్లష్, అంటే 54. రాజు, రాణి, జాకీలలో మిగిలిన తొమ్మిదింటిలో ఏది వచ్చినా పెద్ద జత, అంటే 9. మొత్తం 63ను 47తో భాగిస్తే 1.34. నాలుగును పారేస్తే రెండు ముక్కలు తీయాలి, అవి 1,081 విధాలుగా రావచ్చు. వాటిలో ఇస్పేటు ఆసు, పది కలిసి వచ్చే ఒక్క విధానికి 800. పది, తొమ్మిది వచ్చే స్ట్రెయిట్ ఫ్లష్‌కు 50. 34 ఫ్లష్‌లకు 204. 30 స్ట్రెయిట్లకు 120. మూడు ఒకే రకం వచ్చే 9 విధాలకు 27. రెండు జతలు వచ్చే 27 విధాలకు 54. ఆసుల జతతో కలిపి 348 పెద్ద జతలకు 348. అన్నీ కూడితే 1,603. 1,081తో భాగిస్తే 1.48. ఐదు నాణేలు వేసినవారు కనుక ఇస్పేటు నాలుగును నిస్సంకోచంగా పారేయాలి. ఇప్పుడు 800 స్థానంలో 250 వేసి మళ్లీ కూడండి. మొత్తం 1,053కు, సగటు 0.97కు దిగిపోతుంది. ఒక నాణెం వేసినవారు అదే చేతిలో ఇస్పేటు నాలుగును ఉంచుకోవాలి. ముక్కలు మారలేదు, పట్టికలో మిగతా వరుసలు మారలేదు, వేసిన గింజల సంఖ్య మాత్రమే మారి, ఏ ముక్క పారేయాలో నిర్ణయించింది. ఈ లెక్కను కాగితం మీద ఒకసారి స్వయంగా వేయకుండా ముందుకు వెళ్లవద్దని కోరుతున్నాను.

అయితే ఐదు నాణేలు అంటే పెద్ద పందెం అని అర్థం కాదు. డాలరు యంత్రం మీద ఒక నాణెం వేస్తే చేతికి ఒక డాలరు, పావు డాలరు యంత్రం మీద ఐదు వేస్తే 1.25 డాలర్లు. రెండింటి పట్టికా 9, 6 అయితే చిన్న నాణెం యంత్రం మీద ఐదు వేయడమే మేలు. చిన్న నాణెం యంత్రం పట్టిక 8, 5గా ఉంటే మాత్రం తీర్పు తలకిందులవుతుంది: అక్కడ ఐదు వేసినా 97.30 దాటదు, 9, 6 డాలరు యంత్రం మీద ఒకటి వేసినా 98.4 ఉంది. అందుకే పట్టిక చదివే పాఠాన్ని దీనికి ముందు పెట్టాను.

గుణుపురం నుంచి ఒక పాఠకుడు, పోయిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు గెలిచి నష్టమంతా పూడుతుంది కదా అని అడిగారు. దీపావళి రాత్రుల్లో మూడు ముక్కలాట చూసినవారికి ఈ ఆలోచన పరిచితమే, పైకి న్యాయంగా కూడా కనిపిస్తుంది. కాని ఈ ఆటలో నూరు చేతులకు 54 లేదా 55 పూర్తిగా పోతాయి. 21 చేతుల్లో పెద్ద జత వచ్చి వేసింది మాత్రమే తిరిగి వస్తుంది, ఎందుకంటే పట్టికలోని అంకెలలో మన పందెం కూడా కలిసి ఉంటుంది. నిజమైన లాభం 24 చేతుల్లోనే ఉంది. సమానంగా ముగిసిన చేతులను పక్కన పెడితే, తేలిన ప్రతి పదింటిలో ఏడు మనకు వ్యతిరేకమే. 5, 10, 20, 40, 80, 160, 320 అని రెట్టింపు చేస్తూ వెళ్లినవారు వరుసగా ఏడు పోగొట్టుకుంటే 635 గింజలు పోయినట్లు, మరుసటి పందేనికి 640 కావాలి. అలా ఏడు పోవడం అరుదు కాదు. సుమారు 13 ప్రయత్నాలకు ఒకసారి జరుగుతుంది. పైగా యంత్రం ఐదు నాణేలకు మించి తీసుకోదు కనుక ఒకటి, రెండు, నాలుగు అయ్యాక ఎనిమిది వేయడానికి దారి లేదు. ఆ మూడు చేతులూ 800 లేని పందేలే అవుతాయి. ఇది తెలిశాక ఆ పాఠకుడు రెట్టింపు విధానాన్ని చింతపిక్కలతో కూడా ఆడరని ఆశిస్తున్నాను.

గెలిచిన చేతి తరువాత కొన్ని యంత్రాలు, ఆ మొత్తాన్ని రెట్టింపు చేసుకుంటారా అని అడుగుతాయి. అది సరిసమానమైన పందెం. దానివల్ల సగటు నష్టం పెరగదు, తగ్గదు, ఒడిదుడుకులు మాత్రం పెరుగుతాయి.

మిగిలింది సంచి లెక్క, అంటే ఆటకు విడిగా పెట్టుకునే గింజల లెక్క. ఐదు గింజల పందేన్ని ఒక పూటగా పిలుద్దాము. ఒక సాయంత్రం 400 చేతులు ఆడితే 99.54 ప్రకారం రెండు పూటలు కూడా పోకూడదు, కాని ఆ 400లో రాయల్ ఫ్లష్ దాదాపు ఎవరికీ రాదు. అది రానప్పుడు మన రాబడి 97.5 దగ్గర ఉంటుంది. 400 చేతులకు సుమారు 10 పూటలు తగ్గడం సహజం. దాని మీద ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి మామూలుగా అటూ ఇటూ జరిగే తేడా, 38 పూటలు, కనుక 48 పూటలు తగ్గడం గాని, 28 పూటలు పెరగడం గాని మామూలు సాయంత్రమే. నూరు పూటలు, అంటే 500 గింజలు, విడిగా తీసి పెట్టుకుంటే ఒక సాయంత్రానికి చాలా వరకు సరిపోతాయి. సంచి 200 గింజలే అయితే పూటను తగ్గించి రెండు గింజలు వేయడం తప్పు. గింజ విలువను తగ్గించి ఐదూ వేయాలి. అంతకంటే చిన్న గింజ దొరకకపోతే 160 చేతులకే ఆ సాయంత్రం ముగించాలి.

వచ్చే పాఠానికి అభ్యాసం: డైమండ్ రాణి, డైమండ్ జాకీ, డైమండ్ పది, డైమండ్ మూడు, కళావరు ఆరు వచ్చాయి. మూడును ఉంచితే ఎంత, పారేస్తే ఎంత అన్నది మొదట ఐదు గింజలకు, తరువాత ఒక గింజకు లెక్క కట్టండి. ఈసారి స్ట్రెయిట్ ఫ్లష్‌కు ఒకటి కంటే ఎక్కువ దారులు ఉన్నాయి. అవి రాజు, తొమ్మిది ఒకవైపు, తొమ్మిది, ఎనిమిది మరొకవైపు. ఐదవ పాఠాన్ని ఈ చేతి జవాబుతోనే మొదలుపెడతాను.