పెంచలకోన జలపాతానికి నడిచి వెళ్లడం ఎలా?

నెల్లూరు జిల్లాలో ఏ ఊరికెళ్లినా ఒక పెంచలయ్యో పెంచలమ్మో ఉంటారు. ఆ పేరిచ్చిన నరసింహస్వామి క్షేత్రం పెంచలకోనకు వెళ్లినవాళ్లలో చాలామంది దర్శనం చేసుకుని, పులిహోర తిని బస్సెక్కేస్తారు. ఒక్కపూట గుడి వెనకున్న వెలిగొండ కొండల్లో నడిచి చూడండి, మళ్లీ మళ్లీ వెళ్తారు.

ముందు నెల చూసుకోండి. జులైలో వెళ్తే చాలాసార్లు బండలే కనిపిస్తాయి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. వాయుగుండం వెళ్లిపోయి నాలుగైదు రోజులు ఎండ కాశాక బయల్దేరితే నీళ్లూ ఉంటాయి, దారీ ఆరి ఉంటుంది. శనివారం మాత్రం వద్దు, గుడి దగ్గర రద్దీ.

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా దాదాపు 80 కిలోమీటర్లు. బస్సు దిగేటప్పుడే తిరుగు బస్సు టైము కండక్టర్ని అడగండి.

ఇది శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం. కాబట్టి పైకి కదిలేముందు ఫారెస్టు వాళ్లను అడగాలి. నీళ్ల ఉద్ధృతి ఎక్కువగా ఉందని వద్దంటే బతిమాలకండి.

కాళ్లకు పట్టున్న బూట్లు వేసుకోండి. మా తమ్ముడు హవాయి చెప్పులతో వచ్చి, జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పచ్చటి పాచిని అందరూ చూసుకుంటారు. తడిసి నల్లగా నిగనిగలాడే బండే అసలు మోసం.

వాగు పక్కన ఉన్నంతసేపూ ఒక కన్ను నీళ్ల మీదే ఉంచండి. తేటగా పారే నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొచ్చినా పైన ఎక్కడో వాన పడుతోందన్నమాట. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, బ్యాగు కోసం కూడా చూడకుండా గట్టెక్కండి. నీళ్లు తీసేదాకా వాగు దాటొద్దు.

దారిలో మొసలి వీపులా పగుళ్లు పడిన బెరడు, మూడేసి ఆకులు కనిపిస్తే అది ఎర్రచందనం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప లోకంలో ఇంకెక్కడా ఈ చెట్టు దానంతటది పెరగదు. చేత్తో తడిమి చూడండి, ఎండుపుల్ల కూడా తెచ్చుకోవద్దు.

ప్లాస్టిక్ కవరు చప్పుడైతే చాలు, కోతులు వచ్చేస్తాయి. పెరుగన్నం స్టీలు డబ్బాలో పెట్టుకోండి. మూడింటికల్లా దిగడం మొదలుపెట్టండి. కొండ పడమటి వైపు ఉంది కాబట్టి, రాపూరులో ఇంకా ఎండ ఉండగానే కోనలో నీడ కమ్మేస్తుంది.