గొంతు దురద పెట్టని నల్లేరు పచ్చడి

నల్లేరు మీద బండి నడక అంటారు గానీ, నల్లేరు పచ్చడి అంత తేలిక కాదు. పెళ్లయిన కొత్తలో నేను చేసిన పచ్చడి తిని ఇంటిల్లిపాదీ గొంతులు పట్టుకుని మజ్జిగ చెంబుల మీద పడ్డారు. అత్తమ్మ ఒక్కతే నవ్వి, "కాడలు ఎక్కడ తెంపావమ్మాయ్?" అంది. ముదురువి తెచ్చానని అప్పుడు తెలిసింది.

కనిగిరి వైపు మా చేలకంచెల నిండా ఇదే. నాలుగు పలకల కాడ, కణుపు దగ్గర నొక్కేసినట్టు సన్నబడి ఉంటుంది, పక్కనే నులితీగ. ద్రాక్ష కుటుంబం అంటే నమ్మరు. అదే కంచెలో బొమ్మజెముడూ ఉంటుంది. తుంచగానే తెల్లటి పాలు కారితే అది జెముడు, వెంటనే పారేసి చెయ్యి కడుక్కోండి.

కొసన మూడు నాలుగు కణుపుల వరకే కోయండి. వంచితే పుటుక్కున విరగాలి. పీచు సాగిందా, వదిలేయండి.

దురదకు కారణం కాల్షియం ఆక్సలేట్, కంటికి కనపడని సూదులు. కందలోనూ అదే. కత్తిపీటకు దురద లేకపోయినా మన చేతులకుంటుంది కాబట్టి నూనె రాసుకుని కూర్చోండి. కణుపులు కోసేసి, నాలుగంచుల పీచు లాగేసి, అంగుళం ముక్కలు తరగండి.

గుప్పెడు ముక్కలకు 3 చెంచాల నువ్వుల నూనె. సన్న సెగన పచ్చదనమంతా పోయి, ముడుచుకుని ఎర్రబడేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడితే అంతే సంగతులు. విడిగా 8 ఎండుమిర్చి, 2 చెంచాల మినప్పప్పు, చెంచా ధనియాలు వేయించుకోండి. చింతపండు నిమ్మకాయంత, పిసినారితనం వద్దు, దురదకు విరుగుడు పులుపే. ముందు పప్పులూ మిర్చీ ఉప్పూ, తర్వాత చింతపండు, 5 వెల్లుల్లి రెబ్బలు, ఆఖర్న నల్లేరు వేసి రోట్లో నూరి పోపు పెట్టండి.

సంస్కృతంలో దీన్ని అస్థిశృంఖల అంటారు, ఎముకల గొలుసు. విరిగినచోట దంచి కట్టేవాళ్లు. మామయ్య చెయ్యి విరిగినప్పుడు అత్తమ్మ నెలంతా ఈ పచ్చడే పెట్టింది, పిండికట్టు మాత్రం ఆస్పత్రిలోనే వేయించింది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు వడ్డించకండి.

వేడన్నంలో తొలిముద్ద మీరే తినండి. కాసేపాగి గొంతు బాగుంటేనే మిగతావాళ్లను పిలవండి.