అకామడేట్‌లో రెండు సీలు ఎందుకు?

ఇంగ్లిష్ స్పెల్లింగులో తప్పులు ఎక్కువగా పడేది జంట అక్షరాల దగ్గరే. ‘ఎ’తో మొదలయ్యే మాటైతే ముందు లాటిన్ ఉపసర్గ ‘అడ్’ దాగి ఉందేమో చూడండి. దాని అర్థం ‘వైపు, దగ్గరికి’. సత్ + జనుడు సజ్జనుడు అయినట్టే, దీని చివరి ‘డి’ చాలాసార్లు తర్వాతి హల్లుగా మారిపోతుంది. అందుకే అటెండ్‌లో రెండు టీలు, అనౌన్స్‌లో రెండు ఎన్‌లు. అగ్రెసివ్‌లోని ‘గ్రాడి’ అంటే అడుగు వేయడం, అంటే మీదికి రావడం. అరైవ్‌లోని ‘రిపా’ అంటే ఒడ్డు. ఓడ ఒడ్డు చేరడమే అసలు అర్థం.

పరీక్ష సులువు. ముందు భాగం మార్చి చూడండి: అటెండ్–ఎక్స్‌టెండ్, అనౌన్స్–ప్రొనౌన్స్, అగ్రెసివ్–ప్రోగ్రెసివ్. మిగిలిన ముక్క మరో ఉపసర్గతోనూ నిలిస్తే, జంట అక్షరం రాయడం దాదాపు ఖాయం. అక్వయిర్–రిక్వయిర్ కూడా అంతే, కాకపోతే ‘క్యూ’ ముందు ‘డి’ కాస్తా ‘సి’ అవుతుంది. చాలామంది వదిలేసేది ఆ ‘సి’నే.

అకామడేట్‌లో రెండు ఉపసర్గలున్నాయి: అడ్, కొమ్, ఆపై కొలత అనే అర్థమున్న ‘మొదుస్’. మొదటిది రెండు సీలనిస్తే, రెండోది రెండు ఎమ్‌లనిస్తుంది.

‘ఎస్’ వెంట మరో హల్లుంటే ‘డి’ రాలిపోతుంది కాబట్టి అసెండ్, ఆస్పైర్‌లలో ఒకే ఎస్. అచ్చులు, ఎమ్, వి, జె, హెచ్‌ల ముందు సాధారణంగా చెక్కుచెదరదు: అడాప్ట్, అడ్మైర్, అడ్హియర్.

అరైజ్, అవేక్ మాత్రం పాత ఇంగ్లిష్ మాటలు, వాటికి ఈ సూత్రం వర్తించదు. అడ్వాన్స్‌లోని ‘డి’ అయితే పొరపాటున చొప్పించినదే. అది ఫ్రెంచి ‘అవాన్సే’ నుంచి వచ్చిన మాట.