పాత మారుతీ 800 సస్పెన్షన్: ఏది అరిగిందో కనిపెట్టి మార్చుకోవడం ఎలా?

మొదటి మారుతీ 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. తయారీ ఆగిపోయింది 2014 జనవరిలో. మీ దగ్గరున్నది ఆఖర్లో వచ్చిన బండే అయినా దాని రబ్బరు బుష్‌లకు (ఇనప భాగాలు కలిసే చోట కుదుపు తగ్గించే రబ్బరు ముక్కలు) పదేళ్లు దాటినట్టే. విశాఖలో తిరిగే బండికి ఉప్పుగాలి అదనం. కింద నుంచి లొడలొడ శబ్దం రాగానే మెకానిక్‌లు "షాకబ్జార్లు పోయాయి సార్, నాలుగూ మార్చేద్దాం" అంటారు. కాస్త ఆగండి. ఈ కారులో శబ్దాలు చాలాసార్లు వచ్చేది చవకైన రబ్బరు ముక్కల నుంచే. వాటిని చూడకుండా షాకబ్జార్లు మారిస్తే డబ్బు పోతుంది, శబ్దం మాత్రం మిగులుతుంది.

ఇంకో మాట. 1986కు ముందు వచ్చిన తొలి మోడల్‌కు వెనక కమాన్ పట్టీలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఇనప పట్టీలు) ఉంటాయి. తర్వాత మారిన బాడీకి వెనక కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. ఇక్కడ చెప్పేది ఈ రెండో రకం గురించి.

నడిపి వినండి

అద్దాలు దించి, పాటలు ఆపి, స్పీడ్ బ్రేకర్లున్న ప్రశాంతమైన వీధిలో మెల్లగా నడపండి. ఎంవీపీ కాలనీ లోపలి రోడ్లలాంటివి చాలు. చిన్న చిన్న గతుకుల మీద ముందు వైపు టకటకమంటే స్టెబిలైజర్ బార్ (ముందు రెండు పక్కలనూ కలిపే అడ్డకడ్డీ) బుష్‌లను, బాల్ జాయింట్‌ను (చక్రం వైపు అటూ ఇటూ తిరిగే గుండు కీలు) అనుమానించాలి. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు పట్టి వదిలినట్టు శబ్దం వస్తే, అది స్ట్రట్ (ముందు స్ప్రింగు, షాకబ్జారు కలిసి ఉండే భాగం) పైనుండే మౌంటింగ్, బేరింగ్‌ల పని. బ్రేక్ వేసినప్పుడు బండి ఓ పక్కకు లాగితే బ్రేకులతో పాటు కింది ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే ఇనప చెయ్యి) బుష్‌లు కూడా చూడాలి. బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్తున్నప్పుడు గతుకు దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటే, అప్పుడు షాకబ్జార్ల సంగతి ఆలోచించండి.

టైర్లను చేత్తో తడమండి. అక్కడక్కడ గుంటలు పడ్డట్టు అరిగితే షాకబ్జారు సరిగా పట్టడం లేదని అర్థం చేసుకోవచ్చు. ఒక అంచే అరిగితే బుష్‌లో గానీ, అలైన్‌మెంట్‌లో గానీ తేడా ఉంది.

తర్వాత బండి ఒక్కో మూలను గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగిందంటే ఆ షాకబ్జారు అయిపోయింది. ఇందులో పాసైనంత మాత్రాన బాగున్నట్టు కాదు. ఒంటి మీద నూనె కారి మట్టి ముద్దలా అంటుకుని ఉంటే అది మార్చాల్సిందే. పలచటి తడి మరకకు మాత్రం కంగారు పడక్కర్లేదు.

జాకీ పెట్టేముందు

విశాఖలో చదునైన చోటు దొరకడమే కష్టం. సీతమ్మధారలో ఇంటి ముందు వాలుగా ఉంటే ఈ పని అక్కడ పెట్టుకోవద్దు. అపార్ట్‌మెంట్ సెల్లారో, గట్టి సిమెంటు నేలో చూసుకోండి. ముందు చక్రం లేపితే హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అటూ ఇటూ చెక్క అడ్డాలు పెట్టాలి. వెనక చక్రం లేపేటప్పుడు హ్యాండ్ బ్రేక్‌ను నమ్ముకోకండి, అది పనిచేసేది వెనక చక్రాల మీదే. గేర్లో ఉంచి, ముందు చక్రాలకు అడ్డాలు బిగించండి.

జాకీ ఆనించే చోట తలుపుల కిందున్న రేకు అంచును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. తీరంలో తిరిగిన బండ్లకు బయట రంగు మెరుస్తున్నా అక్కడ లోపల తుప్పు తినేసి ఉంటుంది. పొడిస్తే దిగిపోతుంటే అక్కడ జాకీ పెట్టొద్దు. బండిని వెల్డింగ్ చేసేవాళ్లకు చూపించండి. జాకీ ఉన్నది లేపడానికే. బండి కిందికి వెళ్లాలంటే స్టాండ్లు తప్పనిసరి, ఇటుకలు వద్దు.

చక్రం పట్టుకుని చూడటం

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (వదులుగా కదలడం) కనిపిస్తే ఇంకొకర్ని లోపల బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. ఆట పోతే దోషం వీల్ బేరింగ్‌ది, పోకపోతే బాల్ జాయింట్‌ది అయ్యే అవకాశం ఎక్కువ. కుడి ఎడమలు పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు) చూడండి. బాల్ జాయింట్ మీది రబ్బరు తొడుగు చిరిగి ఉంటే, ఇప్పుడు ఆట లేకపోయినా మార్చేయడం మేలు. లోపలికి ఇసుక, వాన నీళ్లు వెళ్లాక అది ఎక్కువ కాలం నిలవదు.

ఆర్మ్ లోపలి బుష్ పక్కన ఓ ఇనప కడ్డీ పెట్టి మెల్లగా వత్తండి. రబ్బరు కొద్దిగా సాగడం మామూలే. లోపలి ఇనప గొట్టం రబ్బరుని వదిలేసి విడిగా కదిలితే మాత్రం పని అయిపోయినట్టే. బానెట్ ఎత్తి స్ట్రట్ టవర్ల చుట్టూ కూడా తుప్పు చూడండి. రేకు ఉబ్బి, పగుళ్లు ఉంటే ముందు దాని పని చూడాలి. పట్టుకునే చోటే లేకపోతే కొత్త సామాను దేనికి?

సామాను కొనేటప్పుడు బండి సంవత్సరం, ఛాసిస్ నంబరు చెప్పండి. వీలైతే విప్పిన పాత ముక్క పట్టుకెళ్లండి. గాజువాక ఆటోనగర్ వైపు వెళ్తే సామాను, లేత్ షాపులు ఒకచోటే దొరుకుతాయి. షాకబ్జార్లు ఎప్పుడూ జతగానే కొనాలి. పాత బండి నుంచి విప్పిన ఆర్మ్ చవకే, కానీ దాని వయసు కూడా మీ బండి వయసే.

మార్చడం

వెనక షాకబ్జార్లు ఇంట్లో చేసుకోదగ్గ పనే. బండిని స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్ కింద జాకీ ఆనించండి. లేకపోతే షాకబ్జారు ఊడగానే యాక్సిల్ కిందికి జారి బ్రేకు గొట్టాన్ని లాగుతుంది. ఒక పక్క పూర్తిచేశాకే రెండో పక్క విప్పండి. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే బోల్టు తల అరిగి పానా జారిపోయే బాధ తగ్గుతుంది.

ముందు కింది ఆర్మ్ కాస్త ఓపిక అడుగుతుంది. ఈ కారులో స్టెబిలైజర్ బార్ చివర ఆర్మ్‌లోంచి దూరి వస్తుంది. ఆర్మ్‌ను ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టేది కూడా అదే. అందుకే అక్కడి బుష్ అరిగితే బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్‌లో తెలుస్తుంది. స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా దూర్చే చీలిన పిన్ను) తీసి బార్ చివర నట్టు విప్పండి. బాల్ జాయింట్‌ను పట్టి ఉంచే బోల్టును పూర్తిగా బయటికి లాగాలి. ఆ బోల్టు బాల్ జాయింట్ కడ్డీ మీది గాడిలో కూర్చుని ఉంటుంది కాబట్టి సగం లాగి సుత్తితో కొడితే పని జరగదు. తర్వాత లోపలి బోల్టు తీస్తే ఆర్మ్ వచ్చేస్తుంది. ఈ సమయంలో చక్రం వైపు భాగాన్ని బయటికి గుంజకండి, డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) లోపలి జాయింట్ ఊడొచ్చు. పాత ఆర్మ్‌కు బుష్ నొక్కించే కన్నా బాల్ జాయింట్‌తో కలిపి కొత్త ఆర్మే వేసుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

చాలామంది పాడుచేసేది బిగింపు దగ్గరే. చక్రం గాల్లో వేలాడుతుండగా బుష్ బోల్టును పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. కొత్త బుష్ కొన్ని నెలల్లోనే చిరగడానికి కారణం ఇదే. బోల్టును వదులుగా ఎక్కించి, చక్రాలు నేల మీద పెట్టి, బండిని రెండుసార్లు నొక్కి వదిలాక ఆఖరి బిగింపు ఇవ్వండి. స్ప్లిట్ పిన్ కొత్తదే వేయాలి.

ముందు స్ట్రట్ విషయంలో ఒక్క హద్దు దాటొద్దు. బానెట్ కింద కనిపించే నడిమి నట్టును స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా విప్పకూడదు. లోపల నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా ఎగిరితే ప్రాణం మీదికొస్తుంది. చుట్టూ ఉన్న నట్లు, కింద నకల్ (చక్రాన్ని మోసే ముక్క) దగ్గరి రెండు బోల్టులు, బ్రేకు గొట్టం క్లిప్పు విప్పి, స్ట్రట్‌ను మొత్తంగా గ్యారేజీకి తీసుకెళ్లి మార్పించుకోండి. మౌంటింగ్, బేరింగ్ కూడా అప్పుడే కొత్తవి వేయించండి, మళ్లీ కూలి పడదు.

పని పూర్తయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి చూడండి. తుప్పు పట్టకుండా అని కింద పాత ఇంజిన్ ఆయిల్ కొట్టించే అలవాటు మనవాళ్లలో ఉంది. ఆ నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. దానికి బదులు రుషికొండ వైపు ఇసుకలో తిరిగొచ్చాక అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించి, బోల్టు మరలకు మాత్రం గ్రీజు రాస్తే సరిపోతుంది.