ఆయుష్మాన్ వయ వందన కార్డు: ముందు ఆధార్‌లో పుట్టిన తేదీ చూసుకోండి

"వయసు చాలట్లేదు తాతా" అన్నాడు ఆపరేటర్. పెద్దాయన తన చేతుల వంక చూసుకున్నారు. ఆయనకు 73 దాటాయి, ఆధార్‌లో మాత్రం 67. బయటికి రాగానే ఒకతను పట్టుకుని, డబ్బిస్తే వయసు మార్పించి కార్డు తెప్పిస్తానన్నాడు. ఇది నేను దగ్గరుండి చూశాను. అందుకే రాస్తున్నాను.

కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ ఉచిత వైద్య పథకం కింద 2024 అక్టోబరు 29న మొదలైన ఈ కార్డు 70 ఏళ్లు నిండిన అందరికీ వర్తిస్తుంది. ఆదాయం అడగరు, తెల్ల రేషన్ కార్డు అక్కర్లేదు. ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉంటుంది. ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ మొత్తం ఇద్దరికీ కలిపే. పాత షుగరు, గుండెజబ్బు ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఓపీ చూపించుకుని మందులు రాయించుకోవడానికి మాత్రం పనికిరాదు.

దరఖాస్తు తేలికే. ఆయుష్మాన్ యాప్‌లో 70 దాటినవారి విభాగం తెరిచి, ఆధార్ నంబరు కొట్టి, ఓటీపీ ఇచ్చి, ఫొటో తీస్తే చాలు. ఫోన్ వాడకం రానివాళ్లకు పథకంలో ఉన్న ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో చేసిపెడతారు. కార్డుకు రుసుము లేదు.

చిక్కంతా పుట్టిన తేదీతోనే. వయసుకు ఆధారం ఆధార్ ఒక్కటే. ఓటరు కార్డు చూపించినా, ఊళ్లో పదిమంది సాక్ష్యం చెప్పినా సిస్టమ్ ఒప్పుకోదు. ఆధార్‌లో పుట్టిన తేదీని సాధారణంగా ఒక్కసారే మార్చుకోనిస్తారు. బ్రోకరు దొంగ సర్టిఫికెట్ పెడితే ఆ ఒక్క అవకాశమూ పోతుంది, పైగా కేసు మీ మీదికి వస్తుంది. పదో తరగతి మెమో, పాస్‌పోర్టు, పెన్షన్ ఉత్తర్వు లాంటివి ఇంట్లో ఉన్నాయేమో ముందు పెట్టెలన్నీ వెతకండి. బడికే వెళ్లని అమ్మమ్మలకు ఇవేవీ ఉండవు. వాళ్లకు జనన ధ్రువపత్రమే దారి. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయాలంటే, 2023 చట్ట సవరణ తర్వాత, జిల్లా మెజిస్ట్రేటు లేదా సబ్‌డివిజనల్ మెజిస్ట్రేటు, లేదంటే జిల్లా మెజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. తిరగాల్సి వస్తుంది, కాదనను. కానీ ఆ కాగితంతో ఆధార్‌లో తేదీ సరిచేయించుకుంటే వయసు చాలదని వెనక్కి పంపరు. ఆధార్ సందేహాలకు 1947కు ఫోన్ చేయండి.

వేలిముద్ర పడకపోతే టెన్షన్ పడకండి. పొలం పనుల్లో అరిగిన వేళ్లు మెషీన్‌కు అందవు. ఆ పెద్దాయనా వేలు తడిపి, పంచెకు తుడిచి నాలుగుసార్లు ప్రయత్నించారు. ఓటీపీ, కనుపాప, ముఖం, ఏదైనా సరిపోతుంది. అలాగే చేయమని గట్టిగా అడగండి.

సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉన్నవాళ్లు అదో ఇదో ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేటు బీమా, ఈఎస్ఐ ఉన్నా ఈ కార్డు తీసుకోవచ్చు. ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో 14555కు ఫోన్ చేసి కనుక్కోండి, అదీ జబ్బు పడకముందే.