చెట్లు కొట్టే పనిలోకి దిగుతున్నారా? మిషన్ ఆఖర్న కొనండి

హుద్‌హుద్ దాటిన మర్నాడు, అంటే 2014 అక్టోబర్ 13న, విశాఖలో ఏ వీధిలోకి వెళ్లినా చెట్టే అడ్డం. ఆ వారం చేతిలో రంపం ఉన్నవాడే మొనగాడు. నేనూ అలా దిగినవాడినే. మిషన్, అంటే పెట్రోలుతో నడిచే చైన్‌సా రంపం, అద్దెకు తెచ్చుకున్నా, కాళ్లకు హవాయి చెప్పులు, తలకు తువ్వాలు. రెండో రోజు ప్రహరీ మీద విల్లులా వంగి పడున్న నిద్రగన్నేరు కొమ్మను పైనుంచి కోయడం మొదలుపెట్టా. సగం కూడా తెగలేదు, టప్పుమని చీలి లేచి మిషన్‌ని పక్కకు విసిరేసి నా మోకాలి కింద ఎముకకు తగిలింది. మూడు వారాలు మంచం. సంపాదించిందంతా ఆస్పత్రికే.

వంగిన కొమ్మలో ఒక వైపు సాగి ఉంటుంది, ఇంకో వైపు నలిగి ఉంటుంది. విల్లులా పైకి వంగితే సాగింది పైవైపు, ఊయలలా కిందికి జారితే సాగింది అడుగువైపు. ముందు నలిగిన వైపు కొద్దిగా కోసి, తర్వాత సాగిన వైపు మెల్లగా, కొంచెం కొంచెంగా, కొమ్మ లేచే దారిలో మనం లేకుండా పక్కన నిలబడి కోయాలి. ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది, అందుకే మొదట ఇదే చెబుతున్నా.

ఇక సామాను సంగతి. కొత్తగా వచ్చే కుర్రాళ్లు అందరూ అడిగేది ఒకటే, "అన్నా, ఏ మిషన్ కొనమంటావ్?" అని. నన్నడిగితే మిషన్ ఆఖర్న. ముందు హెల్మెట్, హార్నెస్ (తాడుకు తగిలించుకోడానికి ఒంటికి కట్టుకునే పట్టీలు), తాళ్లు, తర్వాత చేతి రంపం, డబ్బు మిగిలితే అప్పుడు మిషన్. మొదటి ఆర్నెల్లు మిషన్ అద్దెకు తెచ్చుకోవచ్చు. తాడు మాత్రం అద్దెకు తెచ్చుకోకూడదు, అది ఎవరి చేతిలో ఎన్ని దెబ్బలు తిని వచ్చిందో మనకు తెలీదు కదా.

హార్నెస్ దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే బిల్డింగ్ పనివాళ్లు వేసుకునేది ఇస్తారు. అది ఐఎస్ 3521 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మంచి సరుకే కావచ్చు, కానీ దాని కొక్కెం వీపు మీద ఉంటుంది. పడితే ఆపడానికే అది, చెట్టు మీద కూర్చుని పనిచేయడానికి కాదు. వీపు నుంచి వేలాడుతూ ముందున్న కొమ్మను కోసి చూడండి, మీకే తెలుస్తుంది. మనకు కావాల్సింది నడుముకు రెండు పక్కలా రింగులు, ముందు ఒక లూపు, తొడల కింద వెడల్పాటి పట్టీలు ఉన్నది. లేబుల్ మీద ఈఎన్ 813 (ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం) అని ఉంటే కూర్చునే రకం, ఈఎన్ 358 అంటే నడుం రింగులు. రెండూ ఉండాలి. షాపులోనే వేసుకుని ఏదైనా దూలానికి వేలాడి పది నిమిషాలు కూర్చోండి. షాపువాడు నవ్వితే నవ్వనివ్వండి, తొడలు తిమ్మిరెక్కితే అది మీ సైజు కాదు.

చెట్టెక్కే విద్య మనకు కొత్తేం కాదు. గీత కార్మికులు మోకుతో, కోనసీమ కొబ్బరి దింపు కార్మికులు కాళ్లకు బంధంతో తరాలుగా ఎక్కుతూనే ఉన్నారు. అయితే మోకు జారితే వెనక రెండో ఆధారం లేదు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కూడా ఇందుకే. తాడిచెట్టుకు కొమ్మలు లేవు కాబట్టి అక్కడి పద్ధతి వేరు. వేప, చింత, రావి మీద మాత్రం మన తాడు పైన గట్టి పంగలోంచి వెళ్లాలి. మిషన్ చేతిలోకి తీసుకునే ముందు ఆ తాడుతోపాటు నడుం రింగుల నుంచి చెట్టు చుట్టూ లోపల స్టీలు తీగ ఉన్న లాన్యార్డ్ (పొట్టి తాడు) కూడా కట్టి ఉండాలి. ఎందుకంటే మిషన్ తగిలితే తాడు దారంలా తెగుతుంది. తీగ కూడా తెగదని కాదు, కానీ మనకు చెయ్యి వెనక్కి లాక్కునే టైం ఇస్తుంది.

తాడు కొనేటప్పుడు "నైలాన్ తాడు ఇవ్వండి" అంటే చాలా షాపుల్లో ఇచ్చేది నిగనిగలాడే ప్లాస్టిక్ తాడు, అంటే పాలీప్రొపిలీన్. అది ఎండకు పెళుసెక్కుతుంది, రాపిడి వేడికి నైలాన్ కంటే చాలా ముందే కరుగుతుంది. పశువును కట్టుకోండి, ప్రాణం కట్టకండి. ఎక్కడానికి 11 నుంచి 13 మిల్లీమీటర్ల మందం, ఈఎన్ 1891 ఏ రకం ముద్ర ఉన్న తాడు వేరేగా, కొమ్మలు దించడానికి ఇంకో తాడు వేరేగా, రెండిటికీ రంగులు కూడా వేరేగా పెట్టుకోండి. దించే తాడు మీద ఎప్పుడూ ఎక్కకూడదు.

దించే బరువు గురించి ఒక లెక్క. పచ్చి కర్ర ఘనపు మీటరుకు సుమారు టన్ను తూగుతుందనుకోండి. మీటరు పొడవు, 30 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న చిన్న ముక్క దాదాపు 70 కిలోలు. అంటే ఒక మనిషి. అది రెండు మీటర్లు పడి తాడు మీద ఆగితే ఆ కుదుపు దానికి ఎన్నో రెట్లు. అందుకే చిన్న చిన్న ముక్కలుగా దించాలి, కింద తాడు పట్టుకునేవాడు చేతికి చుట్టుకోకుండా చెట్టు మొదలుకు రెండు చుట్లు తిప్పి మెల్లగా వదలాలి.

హెల్మెట్‌కు గడ్డం కింద పట్టీ ఉండి తీరాలి, బైక్ హెల్మెట్ పనికిరాదు, పైకి చూడటం కుదరదు. కళ్లద్దాలు, చెవులకు మోత తగ్గించే మఫ్స్. కాళ్లకు వేసుకునే చైన్‌సా ప్యాంటు లోపల పొడుగు పీచు పొరలు ఉంటాయి, చైన్ తగలగానే అవి బయటికొచ్చి పళ్ల చక్రానికి చుట్టుకుని మిషన్‌ని ఆపేస్తాయి. మే నెలలో విజయవాడలో అది వేసుకుంటే ఉడికిపోతాం, నిజమే. నేల మీద పనికైనా ముందువైపు మాత్రమే కప్పే చాప్స్ కట్టుకోండి.

చేతి రంపం గురించి ఎవరూ మాట్లాడరు గానీ నా పనిలో సగం దానితోనే. వంపు తిరిగి, లాగితే కోసే రకం, 30 సెంటీమీటర్ల పైన ఉండాలి. ఫాల్కన్ కంపెనీది ధర అందుబాటులో ఉంటుంది, జపాన్ కంపెనీ సిల్కీది ఖరీదెక్కువ, కానీ ఒక్కసారి పచ్చి వేపకొమ్మ మీద లాగి చూస్తే ఆ ఖరీదు ఎందుకో అర్థమవుతుంది. మణికట్టు మందం కొమ్మలకు పైన మిషన్ స్టార్ట్ చేయడం దండగ.

సరే, మిషన్. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే 58 సీసీ, 22 అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడుగు పట్టీ) ఉన్న మిషన్ చూసి మోజుపడకండి. బరువుకు భుజాలు పడిపోతాయి, పొడుగు బార్ కొన ఎక్కడ తగులుతోందో కనిపించదు. ఆ కొనలో పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఎగిరి మొహం మీదికి వస్తుంది, దాన్నే కిక్‌బ్యాక్ అంటారు. మొదటి మిషన్‌గా స్టిల్ కంపెనీ ఎంఎస్ 170 లాంటిది, 30 సీసీ, 14 అంగుళాల బార్, చాలు. కొనే ముందు ఎడమచేతి ముందున్న బ్రేకు పనిచేస్తోందా, ఊళ్లో స్పేర్లు, సర్వీసు దొరుకుతాయా చూడండి. పైన పిడి ఉండే చిన్న మిషన్లు చెట్టు మీద అలవాటైనవాళ్లకే, ఒంటిచేత్తో కోయొచ్చని మనసు లాగుతుంది, అదే ప్రమాదం.

స్టార్ట్ చేసేది నేల మీద పెట్టి, బ్రేకు వేసి, వెనక పిడిలో కుడికాలి బూటు ముందుభాగం పెట్టి. గాల్లో వదిలి తాడు లాగే స్టయిల్ మానేయండి. పెట్రోల్‌లో 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) కంపెనీ చెప్పిన పాళ్లలోనే కలపాలి. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. బార్‌కు కాలిన ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లున్నారు, అదంతా చిమ్మి మన ఒంటి మీదే పడుతుంది. వద్దు.

పనికి ఒప్పుకునే ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరగండి. మొదట్లో పుట్టగొడుగులు, బోలు శబ్దం ఉంటే, తురాయి, పచ్చ తురాయిల్లో ఇది తరచూ కనిపిస్తుంది, ఎక్కకండి, క్రేనో లిఫ్టో మాట్లాడండి. మునగ, ఆకాశమల్లె కొమ్మలు పెళుసు, బరువు మోస్తాయని నమ్మొద్దు. తేనెపట్టు, కందిరీగల గూడు కిందనుంచే వెతకండి. చెట్టు మొత్తం కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. "నాదే చెట్టు బాబూ, ఎవడడుగుతాడు" అనే యజమాని రేపు కేసైతే కనపడడు, కాబట్టి కాగితం చూసే మొదలుపెట్టండి. కర్ర ఎవరిది, చెత్త ఎవరు ఎత్తాలి అన్నదీ ముందే తేల్చుకోండి, గొడవలన్నీ అక్కడే.

కరెంటు తీగ దగ్గరుంటే లైన్‌మన్‌తో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగలో కరెంటు ఆపించడం) తీయించి, ఎర్తింగ్ వేశాక మాత్రమే. 1912కి ఫోన్ చేస్తే చెబుతారు ఎవరిని కలవాలో. 11 కేవీ తీగ తగలాల్సిన పని కూడా లేదు, పచ్చికొమ్మ దగ్గరికెళ్తే చాలు. ఒక యజమాని "ఫ్యూజు తీసేశా, కొయ్యండి" అన్నాడు, తీసింది ఇంటి ఫ్యూజు, వీధి తీగ బతికే ఉంది.

కొమ్మ కోసే పద్ధతి ఒక్కటి నేర్చుకోండి చాలు. కాండానికి ఒక అడుగు దూరంలో కొమ్మ కిందివైపు నుంచి మూడో వంతు కోయండి, దానికి రెండంగుళాలు బయటగా పైనుంచి కోస్తే కొమ్మ బెరడు చీల్చుకోకుండా ఊడిపోతుంది. మిగిలిన మొండిని, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా మెడలా కనిపిస్తుందే, దాని బయట అంచున కోసేయండి. ఆ మెడను కోస్తే గాయం మూసుకోదు. పెయింట్ పూస్తే మానుతుందన్నది కూడా నిజం కాదు. అమెరికా ఫారెస్ట్ సర్వీసులో అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూశాడు, చెట్టు గాయాన్ని లోపలే గోడ కట్టి మూసేస్తుంది, పైపూతతో కాదు.

సాయంత్రం ఇంటికొచ్చాక చైన్ పదును పెట్టుకోండి. ఎంఎస్ 170 చైన్‌కు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల వాలు, ప్రతి పన్నుకూ సమానంగా మూడేసి దెబ్బలు. కోసేటప్పుడు పొట్టు రేకుల్లా పడుతుంటే పదునుంది, పిండిలా పడుతుంటే లేదు. ఇళ్లలో చెట్లకు మేకులు, కేబుల్ తీగలు బిగించి ఉంటాయి కాబట్టి ఒక్క మేకుకు చైన్ చచ్చిపోతుంది. బ్యాగులో ఎప్పుడూ రెండో చైన్ ఉంచుకోండి.