ఒంటరిగా ఉంటున్న పెద్దలకు ఊళ్లోనే తోడు: బృందాన్ని ఎలా నడపాలి

పాలమూరు నుంచి కూలి పనులకు, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి అమెరికాకు పిల్లలు వెళ్లిపోగా ఇంట్లో మిగిలిపోయిన పెద్దలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వారికి సాయపడాలని నలుగురు కూడినప్పుడు దుప్పట్లు, పండ్లు పంచుదామన్న మాటే ముందు వస్తుంది. అయితే వారికి అంతకన్నా అవసరమైనది, చెప్పిన రోజున, చెప్పిన వేళకు, తెలిసిన మనిషి వచ్చి పలకరించడం. అందువల్ల ఒక్కొక్కరు రెండు మూడు ఇళ్లకు మించి బాధ్యత తీసుకోకూడదు. వారానికి ఒకసారే వెళ్లగలిగితే ఒకసారే వస్తామని చెప్పాలి.

ఎవరు ఒంటరిగా ఉన్నారో ఆశా కార్యకర్తకు, పోస్ట్‌మన్‌కు, పాలు పోసే వారికి బాగా తెలుసు. మంచాన పడిన భర్తకు రాత్రింబవళ్లు సేవ చేస్తున్న వృద్ధురాలిని కూడా ఈ లెక్కలో చేర్చాలి. ఇంట్లో ఇద్దరున్నారు కదా అని ఊరు మరిచిపోయేది ఇలాంటి వారినే. మొదటిసారి వారు ఎరిగిన వారిని వెంటబెట్టుకుని ఇద్దరుగా వెళ్లాలి, ఆ ఇద్దరిలో ఒక మహిళ ఉండటం మంచిది. వద్దన్న వారిని బలవంతపెట్టకూడదు. ఒంటరిగా ఉన్న వారి పేర్లు, చిరునామాలు వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు, ఎందుకంటే ఆ జాబితా దొంగలకూ పనికొస్తుంది.

నేను అన్నిటికన్నా ముందుగా ఏర్పాటు చేయమని చెప్పేది రోజూ పొద్దుటి మిస్డ్ కాల్. పెద్దలు నిద్ర లేచాక ఎనిమిది లోపు బృందంలోని ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తారు. అది రాకపోతే ఆ సభ్యుడే ఫోన్ చేయాలి, ఎత్తకపోతే పక్కింటి వారు వెంటనే వెళ్లి తలుపు తట్టాలి, తలుపు తెరుచుకోకపోతే ఏం చేయాలో కూడా ముందే నిర్ణయించి ఉండాలి. ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంచాలన్నది ఆ పెద్దల ఇష్టం. బృందం తనంతట తాను అడిగి తీసుకోకూడదు. పిల్లల నంబర్లు, వాడుతున్న మందులు, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, వృద్ధుల సహాయానికి 14567 పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాలి.

ఇంట్లో చూడవలసింది ముఖ్యంగా జారిపడే చోట్లను. స్నానాల గదిలో తడి, మంచం నుంచి అక్కడికి వెళ్లే దారిలో వెలుతురు లేకపోవడం, ఎత్తయిన గడప, నేల మీద పరిచిన జారే పట్టాలు చాలా ప్రమాదకరం. పట్టుకోవడానికి గోడకు ఒక కమ్మీ, రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టించడానికి పెద్ద ఖర్చు కాదు. స్నానానికి వెళ్లినప్పుడు లోపల గొళ్లెం వేసుకోవద్దని నచ్చజెప్పాలి. బీపీ మందులు వాడేవారికి లేవగానే కళ్లు తిరగవచ్చు కనుక కాసేపు మంచం మీద కూర్చుని నెమ్మదిగా లేవమనాలి.

కూర్చుని మాట్లాడుతున్నప్పుడే కళ్లు చాలా సంగతులు గమనించాలి: తినకుండా మిగిలిన అన్నం, అలాగే ఉండిపోయిన మాత్రలు, కారణం చెప్పని గాయం. చెప్పిన సంగతే మళ్లీ చెబితే మొదటిసారి విన్నట్టే వినండి. ఆవకాయ పాళ్లు చెప్పమనండి, ఊరి పాత సంగతులు అడగండి, గుడిలో భజనకు తోడు తీసుకెళ్లండి. మరో ఒంటరి వృద్ధురాలికి రోజూ ఫోన్ చేసే పని వారికే అప్పగిస్తే, సాయం అందుకునే మనిషినన్న చిన్నతనం పోతుంది. బతకాలని లేదని ఎవరైనా అంటే కొట్టిపారేయకుండా పక్కనే ఉండి, మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేసి, వైద్యుడి వద్దకు తీసుకెళ్లాలి.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కూడా ఒకసారి పలకరించాలి. మజ్జిగ, నీళ్లు దగ్గర పెట్టాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగవచ్చో వైద్యుణ్ణి అడగాలి. కోస్తాలో తుపాను హెచ్చరిక రాకముందే, ఎవరిని మోసుకెళ్లాల్సి వస్తుందో, ఎవరు మోస్తారో రాసిపెట్టుకోవాలి.

డబ్బు విషయంలో మాత్రం సడలింపు ఉండకూడదు. ఏటీఎం పిన్ తెలుసుకోవడం, అప్పు తీసుకోవడం, ఆస్తి కాగితాలపై సాక్షి సంతకం పెట్టడం బృందంలో ఎవరూ చేయరాదు. ఉద్యోగ విరమణ పింఛను తీసుకునేవారు ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని (బతికి ఉన్నట్టు తెలిపే పత్రం) ఫోన్‌లో ముఖం చూపించి గానీ, పోస్ట్‌మన్ ద్వారా ఇంటి వద్దనే గానీ ఇవ్వవచ్చు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే "డిజిటల్ అరెస్టు" అనేది చట్టంలో లేదని పదేపదే చెప్పాలి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాలి.

కన్నబిడ్డలే కొడుతున్నారని, తిండి పెట్టడం లేదని అనుమానం వస్తే వారిని నిలదీయకండి, ఆ కోపం మీరు వెళ్లాక పెద్దల మీదకే మళ్లుతుంది. ప్రాణాపాయం ఉంటే 112కు చెప్పాలి. లేకపోతే ఏకాంతంలో పెద్దల ఇష్టం తెలుసుకోవాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద వారు ఇలాంటి కేసులు విచారించే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, చేసుకోలేని స్థితిలో ఉంటే వారు అధికారమిచ్చిన వ్యక్తి గానీ సంస్థ గానీ చేయవచ్చు.

చదువుకో ఉద్యోగానికో ఊరు విడిచే సభ్యుడు ముందుగా ఆ సంగతి పెద్దలకు తానే చెప్పి, తన బదులు వచ్చే వారిని కనీసం రెండుసార్లు వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చేయాలి.